గోడ మీద చెంబు

సుచరిత స్టూలెక్కి, గోడ మీదుగా వాలిన మామిడికొమ్మను వంచి కత్తెర పెట్టిందో లేదో, అవతలి నుంచి అరుపు వినిపించింది.

"ఎవరది, మా చెట్టు కోస్తాండేది?"

పెద్ద తోడికోడలు ఇందుమతి. అన్నదమ్ములు వేరుపడి నడిమధ్య ఈ గోడ లేచినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

సుచరిత కొమ్మ మాత్రం వదల్లేదు. "ఈపొద్దు వరలక్ష్మీ వ్రతం గదక్కా. కలశంలోకి ఐదాకులు కావల్ల."

"పంపకాల్లో చెట్టు మాకొచ్చింది, అత్తమ్మ వెండిచెంబు మీకొచ్చింది. ఆ చెంబు ఇమ్మని నేనొచ్చి అడిగితినా?"

సుచరితకు రోషం పొడుచుకొచ్చింది. "ఐదాకులకు ఇంత మాటా! నువ్వు మాత్రం కలశం పెట్టుకోలేదా?"

"అత్తమ్మ చెంబు లేకుండా యాడిది కలశం? గోడ లేచినప్పటి నుంచి పెట్టనే లేదు."

సుచరిత ఆకుల సందులోంచి చూసింది. పండగపూట కూడా అవతలి గడప పసుపు లేక బోసిగా ఉంది.

ఆమె కొమ్మ వదిలేసి లోపలికి పోయింది. కలశానికని బియ్యం పోసి ఉంచిన వెండిచెంబును తెచ్చి గోడ మీద పెట్టింది.

"ఆకులు నీ చేత్తోనే పెట్టక్కా."

అవతలి నుంచి ఇందుమతి గొంతు, అదే కోపంతో.

"లక్ష్మీదేవిని గోడ మీద నిలబెడతారామ్మే ఎవరైనా? ఎత్తుకొని రా, వాకిలి తీస్తాండా."