సీసాలో నీళ్ళు

కత్తి పడగానే కుక్క కాలు ముడుచుకుంది.

"గ్యాస్ పెంచు," అన్నాడు డాక్టరు.

"పెంచితే గుండె ఆగిపోతుంది," అంది ఆయన భార్య.

ఆ కుక్కల ఆసుపత్రిలో కోసేది ఆయన, మత్తిచ్చేది ఆవిడ. అంతా సిద్ధమయ్యాక తీరిగ్గా రావడం డాక్టరుగారి అలవాటు. పచ్చగుడ్డ కప్పాక ఆయనకి కనిపించేది జానెడు పొట్టే. మిగతా కుక్కతో ఆయనకి పనిలేదు.

ఇది ముసలిది. కడుపులో గడ్డ, గుండె అంతంతమాత్రం. ఇలాంటివాటికి ఆవిడ మూడు నొప్పి మందులు కలిపి సెలైన్‌లో ఎక్కిస్తుంది. అప్పుడు పీల్చే గ్యాస్ సగం చాలు. ఇంతవరకూ ఒక్క కుక్కా కదల్లేదు. ఇవాళ దీని గుండె మానిటర్ మీద పరుగులు పెడుతోంది.

ఆవిడ గబగబా బీరువా తీసి, కొత్త సీసా సీలు చింపి, మందు ఎక్కించింది. కాసేపటికి కాలు మెత్తబడింది. గుండె దారిలో పడింది.

అప్పుడు పాత సీసా చేతిలోకి తీసుకుంది. నిన్న తెరిచిందే. రబ్బరు మూత నిండా సూది పోట్లు! మూడింట్లో అసలు మందు అదే. మనుషులు మరిగితే వదలని మందు. ఎవరో తోడుకుని నీళ్ళు నింపారు.

ఆవిడ బీరువా వైపు చూసింది. బీరువా తాళంచెవులు ఉన్నది తన దగ్గర, భర్త దగ్గర, కాంపౌండరు దగ్గర. నమ్మినవాళ్ళే నిలువునా ముంచారు. నోరులేని జీవాన్ని నొప్పితో కోయించారు, అదీ తన చేతుల మీదుగా.

"సీసాలో ఉన్నవి నీళ్ళు," అంది.

డాక్టరు తలెత్తకుండానే తేల్చేశాడు. "ఇంకెవరు, కాంపౌండరే! పొద్దున్నించీ వాడి వాలకం చూశావా? రోజూ నా పక్కన నిలబడేవాడు ఇవాళ గుమ్మం దాటి లోపలికి రానన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు."

నిజమే. కాంపౌండరు తలుపు బయటే తచ్చాడుతున్నాడు. సందులోంచి తొంగిచూసి మళ్ళీ అదే అడిగాడు.

"మేడమ్, మందు పనిచేస్తోంది కదా? దానికి నొప్పి తెలీదు కదా?"

"వెళ్ళి కూర్చో. ఇప్పుడేం ఫరవాలేదు," అందావిడ.

అతను వెళ్ళాక డాక్టరు గొంతు తగ్గించాడు. "విన్నావా? దొంగకి ఎంత కంగారో! ఇన్నేళ్ళు చేరదీస్తే ఇదా చేసేది? కుట్లు పడగానే పోలీసులకి అప్పజెబుతాను."

కుట్లు పూర్తయ్యేదాకా ఆవిడ మానిటర్ మీంచి కళ్ళు తిప్పలేదు. కుక్క బతికింది.

డాక్టరు గ్లవ్స్ లాగి పడేసి, ఫోన్ అందుకుని తలుపు వైపు నడిచాడు. ఆవిడ అడ్డంగా నిలబడింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"మీరింత పని చేస్తారని కలలో కూడా అనుకోలేదండీ. ఈ కుక్క ఆ కాంపౌండరుదే."