కొండమీది కాకి

ఇరవై ఏళ్లుగా రంగుల్లో కలిపే జిగురు తెచ్చిచ్చి పెరటి గుమ్మంలోనే ఆగిపోయే జిగురు ముసలమ్మ ఆ రోజు చిత్రశాల లోపలికి వచ్చింది. తెరకేసి చూసి పకపకా నవ్వింది.

పన్నెండు కుంచెలు ఒక్కసారి ఆగాయి.

గదిలో అడ్డంగా నిలబెట్టే ఆరు మడతల తెర. బంగారు రేకు మీద కొండలు, పొగమంచు, దేవదారు చెట్లు, ఒక కొండమీద నల్లటి కాకి.

ఇంకో గంటలో కోట అధికారి వస్తాడు. మెచ్చాడా, కోటలో నలభై గదుల పని వీళ్లది. లేదంటే వీధి చివరి హమురో చిత్రశాల వాళ్లది. క్యోటో అంతా ఆ మాటే.

"ఏంటమ్మా ఆ నవ్వు?" గురువు తొకుమిచి కసిరాడు.

"ఆ కాకిని ఇంకా వేస్తున్నారా బాబూ! అది కాకి కాదు, సిరా చుక్క."

శిష్యులు గొల్లుమన్నారు.

"గురువుగారూ, జిగురు కుండ పాఠం చెబుతోంది!"

"మా తాతగారి నమూనా అది," అన్నాడు తొకుమిచి. "యాభై ఏళ్లుగా వెంట్రుకవాసి తేడా లేకుండా దించుతున్నాం. ఆ కాకే మా గుర్తు. చెప్పడానికి నువ్వెవరు?"

"ఒసెన్‌ని. నా పేరు అడగడం ఇదే మొదలు. మధ్యాహ్నం పడవకి ఒసాకా పోతున్నా, మళ్లీ రాను. ఆ కుంచె ఇటివ్వు. రెండు గీతల్లో దాన్ని దేవదారు కొమ్మ చేసేస్తా."

చాచిన చేతి మీద తొకుమిచి ఒక్కటి వేశాడు. ఒక శిష్యుడు చీపురు అందుకున్నాడు.

ముసలమ్మ వెళ్లిపోయింది.

అధికారి వచ్చాడు. తెర నిలబెట్టారు.

"అబ్బ, ఏం కొండలయ్యా!"

తొకుమిచి శిష్యుల వైపు గర్వంగా చూశాడు.

అధికారి ముందుకు వంగాడు. "ఇదేంటి?"

"కాకి, దొరా."

"ముక్కేదీ? రెక్కేదీ?"

"నమూనాలో అలాగే ఉంది, దొరా."

"కళ్లు మూసుకుని దించేవాళ్లకి మా ప్రభువు గోడలివ్వడు. హమురో వాళ్లని పిలవండి."

తొకుమిచి పరుగున వెళ్లి, తాతగారి పెట్టెలోంచి నమూనా లాగాడు. ఆ విసురుకి కాగితం అంచు విచ్చుకుంది. వెనక్కి మడిచి అతికించిన అంచు అది. తాతగారు బతికినన్నాళ్లూ ఆ పెట్టె తాళం ఎవరికీ ఇవ్వలేదు.

మధ్యాహ్నం గంట కొట్టి అప్పటికి చాలాసేపయింది.

మడతలో రెండు వరుసలున్నాయి.

"కొండమీద సిరా చుక్క పడింది. దీన్ని వేయకండి."

దాని కింద, ఆ కొండలు గీసిన మనిషి పేరు: ఒసెన్.