మైక్ ఆన్ చెయ్యన్నా

"టైపు చేస్తే ఓటు లెక్కలోకి రాదు. మైక్ ఆన్ చేసి రెండు ముక్కలు మాట్లాడాలి. పోయినసారి ఎవడో దొంగ అకౌంట్లతో ఓట్లు గుద్దేశాడు బ్రో! అందుకే ఈ రూలు" అన్నాడు ఓంకార్.

కాడుగోడిలో, రైల్వే స్టేషన్ వెనక సందులో, తన ఒంటిగదిలో ఫోను పట్టుకుని కూర్చున్న నతానియేలు టైపు చేస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

ఓంకార్ ఆ గ్రూపుకి అడ్మిన్. హెబ్బగోడిలో ఉంటాడు. 'తుఫాను కత్తి' అనే జపాన్ యానిమే బొమ్మల సీరియల్ని తెలుగు డబ్బింగులో చూసి పెరిగిన బెంగళూరు కుర్రకారు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫోనుల్లో ఇలా కూడతారు. కూడి పోట్లాడుకుంటారు. పోట్లాట ఎప్పుడూ ఒకటే. ఏ ఆర్క్ గొప్పది? రామాయణానికి కాండల్లాగా ఆ సీరియల్‌కి ఆర్కులు. ఏళ్ళ తరబడి సాగింది కాబట్టి ఇక్కడ కాండలు ఏడుతో ఆగలేదు.

ఈసారి పోట్లాటకి ఒక ప్రయోజనం కూడా ఉంది. వచ్చే ఆదివారం అందరూ ఓంకార్ గదిలో పెద్ద టీవీ ముందు చేరి, బిర్యానీ తెప్పించుకుని, ఒక ఆర్క్ మొత్తం కలిసి చూస్తారు. ఏదన్నది ఇవాళ తేలాలి.

ఓంకార్ది నల్లకోట ఆర్క్. "లాస్ట్ ఫైట్ ఒక్కటి చాలు! అక్క చచ్చిపోయినప్పుడు కైతో వేసే కేక ఉందే... ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది."

కైతో ఆ సీరియల్ హీరో. ఆ కేక గురించి గ్రూపులో రెండో మాట లేదు. నల్లకోట తర్వాత వచ్చినవన్నీ చెత్త అన్నదాంట్లోనూ లేదు. బొమ్మలు మారాయి, పాటలు మారాయి, గొంతులు మారాయి, ఏదీ పాతదిలా లేదని అందరి ఏడుపు.

నతానియేలుది నల్లకోటకి ముందొచ్చిన నూడుల్స్ కొట్టు ఆర్క్. ఆ పేరెత్తితేనే నవ్వుతారు. అది ఫిల్లర్. సాంబారు వచ్చేలోపు పచ్చడితో నాలుగు ముద్దలు కానిచ్చినట్టు, అసలు కథ తయారయ్యేలోపు టీవీవాళ్ళు నింపిన ఎపిసోడ్లు. యుద్ధాల్లేవు. వానాకాలం, కత్తులు మూలపెట్టి కైతో బృందమంతా ఒక ముసలమ్మ కొట్టులో పనికి కుదురుతారు. కైతో గిరాకీని కేకేసి పిలుస్తాడు. గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తాడు. ముసలమ్మ మనవరాలికి కథ చెప్పి నిద్రపుచ్చుతాడు. అంతే.

నతానియేలు అది చూడని రోజు లేదు. ఎప్పుడూ ఒక్కడే చూస్తాడు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, పక్కన మనుషులుండగా చూడాలని అతని కోరిక. కైతో కబుర్లకి వాళ్ళు నవ్వుతుంటే ఆ మొహాలు చూడాలి. నలభై దాటినవాడికి ఇదేం కోరికంటారా? నవ్వితే నవ్వండి. అతనికి ఉన్నది అదొక్కటే.

మిగతా లోకం అతనికి పెద్దగా లేదు. పగలంతా ఎవరెవరి వీడియోలకో సబ్‌టైటిళ్ళు టైపు చేస్తాడు. ఆదివారం చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, ప్రార్థన అవగానే వచ్చేస్తాడు. ఇంటి ఓనరు వెంకటగిరియప్ప మాత్రం వచ్చినవాళ్ళందరి దగ్గరా పొగుడుతుంటాడు. "బాడుగకుంటే ఇట్లాటోడు ఉండాలప్పా! లోపల మనిషి ఉండాడా లేడా అనేదే తెలీదు. నోట్లో నాలికే లేదు పాపం."

ఆ రోజు మాత్రం నతానియేలు విజృంభించాడు. వేళ్ళతోనే. "నల్లకోటలో కైతో ఎలా ఏడుస్తాడో తెలుస్తుంది. కొట్టులో ఎలా బతుకుతాడో తెలుస్తుంది. బతుకు చూడకుండా ఏడుపు చూసి ఏం లాభం?" అని టైపు చేశాడు.

కె.ఆర్.పురంలో నర్సుగా చేసే సుప్రియ దాన్ని పైకి చదివింది. "కరెక్టే కదా! డ్యూటీ దిగి రూముకొచ్చాక నేనూ అదే పెట్టుకుంటా. కైతో మాట్లాడుతుంటే ఇంట్లో ఇంకో మనిషున్నట్టు ఉంటుంది."

నతానియేలుకి కళ్ళు చెమర్చాయి. ఆ మాట మళ్ళీ అంటే బాగుండుననిపించింది.

సుప్రియ పుణ్యమా అని ఒక్కొక్కరే ఇటు తిరిగారు. చివరికి ఓట్లు సమానం. మిగిలింది నతానియేలు ఒక్కడే.

"మైక్ ఆన్ చెయ్యన్నా" అన్నాడు ఓంకార్. "గ్రూపులోకొచ్చి ఇన్నాళ్ళయింది. మాతో మాట్లాడితే ప్రెస్టీజ్ తగ్గుద్దా?"

"ప్లీజ్ అన్నా. నూడుల్స్ కొట్టు అని ఒక్క మాట అను చాలు, మనమే గెలుస్తాం" అంది సుప్రియ.

నతానియేలు మైక్ గుర్తు మీద వేలు పెట్టాడు. అది పచ్చగా వెలిగింది. అటువైపు అందరూ చెవులు రిక్కించారు.

ఫ్యాను చప్పుడు వెళ్ళింది. స్టేషన్లోంచి రైలు కూత వెళ్ళింది.

"ఫ్యాన్ వినిపిస్తోంది, నువ్వు వినిపించట్లేదన్నా" అంది సుప్రియ.

అతను మైక్ ఆపేశాడు. "నల్లకోటే పెట్టుకోండి. నాకు పనుంది, రాలేను" అని టైపు చేశాడు.

"ఏం పొగరు బ్రో!" అన్నాడు ఓంకార్. సుప్రియ తన మైక్ ఆపేసుకుంది. నతానియేలుకి అదే ఎక్కువ బాధనిపించింది.

గెలిచిన సంబరంలో ఓంకార్ నల్లకోట ఆఖరి సీను పెద్దగా వినిపించాడు. కైతో కేకతో గదంతా దద్దరిల్లింది. గ్రూపంతా ఈలలు వేసింది.

కొన్నేళ్ళ కిందట డబ్బింగ్ స్టూడియోలో, "ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా" అన్నప్పుడల్లా అరిచి అరిచి ఆ కేక వేసిన తర్వాత, నతానియేలు గొంతు మళ్ళీ పలకలేదు.