పొద్దుతిరుగుడు మడి

తెల్లవారగానే తోట గేటు తీసిన ఆకుకూరలమ్మ అక్కడే నిలబడిపోయింది.

పాలకూర మడి సగం ఖాళీగా ఉంది.

మిగతా సగాన్ని ఎవరో పరాయి మనిషి గొంతుక్కూర్చుని, వేళ్ళతో సహా పీకి గోనెసంచిలో కుక్కుతున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతులకు రబ్బరు గ్లౌజులు.

“ఎవడ్రా నువ్వు? నా నోటి దగ్గరి కూడు లాగేస్తావా?”

అతను గబుక్కున లేచాడు. దొరికిపోయినా పారిపోలేదు.

“దొంగను కాదు పెద్దమ్మా. ఇది ఎవరూ తినకూడదు.”

“ఏం, పురుగు పట్టిందా? తెగులొచ్చిందా?”

“ఆ గోడ అవతల ఒకప్పుడు పాత బ్యాటరీలు కరిగించేవారు. ఆ సీసమంతా ఈ మట్టిలో దిగిపోయింది. మట్టిలోంచి ఆకులోకి, ఆకులోంచి మనుషుల ఒంట్లోకి.”

ఆమె మిగిలిన పాలకూర వైపు చూసింది. నవనవలాడుతోంది.

“విషముంటే ఇంత పచ్చగా ఎందుకుంటుందయ్యా?”

“మొదట్లో నాకూ అదే అర్థం కాలేదు.”

“అంత తెలిసినవాడివి ఆఫీసుల్లో చెప్పకపోయావా?”

“తిరిగాను. వస్తామన్నారు. ఎవరూ రాలేదు. అందుకే నేనొచ్చాను.”

గోడవారగా ఖాళీ అయిన మడిని చూపించాడు.

“ఈ కాస్తా నాకు వదిలెయ్యండి. పొద్దుతిరుగుడు వేస్తాను. అది మట్టిలోని సీసాన్ని కొంచెం కొంచెంగా పైకి లాగుతుందట.”

నాలుగు చీవాట్లు పెట్టి పంపేద్దామనుకుంది. అతని మొహం చూశాక ఎందుకో ‘సరే, కానియ్యి’ అంది.

రోజూ పనికి వెళ్ళేముందు వచ్చేవాడు. తవ్వాడు, విత్తాడు, నీళ్ళు పోశాడు. కూలి అడగలేదు. మంచినీళ్ళిస్తే తాగాడు కానీ, ఇంట్లో చేసిన కూర పెడతానంటే మాత్రం చేతులు అడ్డం పెట్టాడు.

మొక్కలు మనిషెత్తు పెరిగి పూశాయి. గోడ పొడవునా వెలుగొచ్చినట్టయింది. ఆమెకు ముచ్చటేసింది.

మర్నాడు వచ్చీ రాగానే వాటిని వేళ్ళతో పీకడం మొదలెట్టాడు.

“అయ్యయ్యో, గింజైనా పట్టనివ్వవయ్యా!”

“వద్దు పెద్దమ్మా.”

“పోనీ ఆకులు మేకలకు వేస్తాను.”

“మేకలకూ వద్దు. ఎండబెట్టి పొయ్యిలో కూడా పెట్టకండి.”

“మొక్క మేలు చేస్తుందంటావు, ముట్టుకోవద్దంటావు. ఇంతకీ ఇది మంచిదా, చెడ్డదా?”

“నేలకు మంచిది, నోటికి చెడ్డది.”

“నా బుర్రకైతే అసలు పనికిరాదు!”

అతను మొదటిసారి నవ్వాడు. సంచులు కట్టి పక్కన పెట్టి, మళ్ళీ విత్తనాలు నాటాడు.

“ఒక్క పంటతో పోదు పెద్దమ్మా. ఏళ్ళు పడుతుంది.”

పక్కన సైకిళ్ళు బాగుచేసే ఆయన ఇదంతా వింటూనే ఉన్నాడు. అతను వెళ్ళగానే దగ్గరికొచ్చాడు.

“అక్కా, నీది మరీ అమాయకత్వం. కూలి లేకుండా పరాయి నేల ఎవడైనా తవ్వుతాడా? పైగా ఏళ్ళు పడుతుందంటున్నాడు. ఇవాళ మడి, రేపు తోట. ఏకై వచ్చి మేకై కూర్చుంటాడు, చూసుకో.”

ఇన్నాళ్ళలో ఆమెకు బాగా అర్థమైన మాట అదొక్కటే.

మర్నాడు అతని చేతిలోని పార లాక్కుంది.

“చాల్లే నీ సేవ. మళ్ళీ ఈ గేటు తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను.”

అతను గ్లౌజులు విప్పి జేబులో పెట్టుకున్నాడు. పక్కనే ఇంటి అరుగు మీద తల వాల్చి కూర్చున్న ఆమె మనవరాలిని చాలాసేపు చూశాడు.

“పాపకి ఒక్కసారి రక్తపరీక్ష చేయించండి. సీసం ఉందేమో చూడమని అడగండి. ఆలస్యం చెయ్యకండి.”

“నా మనవరాలి ఊసెత్తితే ఊరుకోను! పో!”

వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

అతని మాట మాత్రం పోలేదు. పాప అస్తమానం కడుపునొప్పంటోంది. మొహం పాలిపోతోంది. నులిపురుగుల మందు వేసినా గుణం కనిపించలేదు. నమ్మీ నమ్మకుండానే ఆమె, కోడలు కలిసి పాపను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

“ఒంట్లో సీసం ఉంది,” అంది డాక్టరమ్మ. “భయపడకండి, వేళకే తెచ్చారు. ఇంకా ఆలస్యం చేసుంటే నేనూ ఏం చెప్పలేకపోయేదాన్ని.”

ఆకుకూరలమ్మ పాపను దగ్గరికి లాక్కుంది. అయితే ఆ మనిషి పిచ్చివాడు కాదా? భూమి కోసం వచ్చినవాడూ కాదా?

పాపను మంచం మీద పడుకోబెడుతూ నర్సు అడిగింది.

“సీసం పరీక్ష అడిగి మరీ చేయించుకున్నారట! మీకెవరు చెప్పారమ్మా?”

ఆమె చెప్పింది. గోడ, గ్లౌజులు, పూలు పూశాక పీకేసిన మొక్కలు, లాక్కున్న పార, అన్నీ.

దుప్పటి సర్దుతున్న నర్సు ఆమె వైపు తిరిగింది.

“ఆయనా! ఈ వార్డుకే రోజూ వచ్చేవారు. ఇప్పుడు వాళ్ళు ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారమ్మా.”

“ఎక్కడికి?”

“ఎవరికీ చెప్పలేదు.”

“పెద్ద డాక్టరా ఆయన?”

“కాదు, కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేవారు.”

“మరి ఇవన్నీ ఎలా తెలుసు?”

“తెలుసుకోవాల్సొచ్చింది. ఇంట్లో నీళ్ళు, గోడల రంగు, బొమ్మలు అన్నీ పరీక్ష చేయించారు. చివరికి ఆకుకూర దగ్గర తేలింది. కేసు పెట్టమని అందరూ పోరినా వినలేదు. ‘ఆవిడ తెలిసి చేసిందా? తన ఇంట్లోవాళ్ళకీ అదే పెడుతోంది కదా’ అనేవారు.”

“కేసా? ఎవరి మీద?”

నర్సు మళ్ళీ దుప్పటి సర్దడం మొదలెట్టింది.

ఆకుకూరలమ్మకు ఏమీ అంతుపట్టలేదు. నర్సు చెయ్యి పట్టుకుంది.

“ఇంతకీ ఎవరమ్మా ఆయన?”

“మీ పాలకూర తిని, ‘నాన్నా’ అనే పిలుపే మర్చిపోయిన పాప వాళ్ళ నాన్న.”