గోడ మీది తులసి

గోడ మీద వెలిగే బొమ్మ తులసికి పెట్టిన దణ్ణం దేవుడికి చేరుతుందా అన్న అనుమానం హైమవతిని ఏళ్ల తరబడి వదల్లేదు. ఎండలకు అసలు తులసి బతకని ఊళ్లో ఇంటింటి గోడ తెరకూ ఆ బొమ్మను కంప్యూటర్లో చేసిపెట్టింది తనే.

తను వృక్షశాస్త్రం మానేసి కంప్యూటర్ ఉద్యోగానికి వెళ్తున్న రోజున, ఆ పాఠాలు చెప్పిన కామేశం మాస్టారు తన చేతిలో తులసి నారు పెట్టారు. "ఊరికే కాదమ్మా, అప్పు. పెంచి ఒక మొక్క తిరిగివ్వాలి" అన్నారు. ఆఫీసులో యంత్రాలను చల్లగా ఉంచే గదిలో దాన్ని బతికించింది కానీ, ఆయన ముందుకు వెళ్లడానికి మొహం చెల్లలేదు.

మాస్టారికి ఆఖరి ఘడియలని తెలిసి ఇవాళ కుండీతో పరుగెత్తింది. ఆయన భార్య శారదాంబ గోడ మీది బొమ్మ తులసిని గిల్లుతూ కనిపించింది.

"నువ్వు చేసిందేగా తల్లీ. ఒక్క ఆకూ చేతికి రాదేం? తులసి తీర్థమైనా పొయ్యకుండా ఎట్లా పంపను?"

కుండీని మంచం దగ్గరికి తేగానే తులసి వాసనకు మాస్టారు కళ్లు తెరిచారు.

"బతికించావుటే, కంప్యూటరమ్మా."

"ఆలస్యం చేశాను మాస్టారూ."

"పూల వెన్నులు తుంచుతుండు. లేకపోతే మొక్క ముదిరిపోతుంది."

హైమవతి ఆకు వేసిన నీళ్లు చెంచాతో పోసింది. మొదటి చెంచా మింగారు. రెండోది పెదవి పక్కనుంచి జారిపోయింది.

బయటి ఎండకు అది ఎన్నాళ్లో నిలవదని తెలిసే, కుండీని శారదాంబ చేతుల్లో పెట్టింది.