మళ్ళీ పెట్టే ముక్క

“ఎలాగూ నోరు తెరవరు, మీకు మాస్కు దండగ మామయ్యా!” అంటూనే కోడలు దాన్ని నా చెవులకు తగిలించింది.

తను పనిచేసే ల్యాబులో సీసాల నిండా మొక్కల వేళ్ళు. ఆకూ మన్నూ లేకుండా ఒట్టి చక్కెర నీళ్ళలో పెరుగుతున్నాయి. నేను నలభై ఏళ్ళు కొండల్లో తవ్వి అమ్మిన మందువేరే అది.

“తియ్యటి నీళ్ళు తాగి చేదు మందు ఇస్తుందా ఇది?” అన్నాను.

“అత్తయ్య తియ్యటి మాటలకు మీరివ్వట్లేదూ చేదు జవాబులు!”

నవ్వేసి, గొంతు తగ్గించింది. “ఇవి ముసలివైపోయాయి మామయ్యా. మందు తగ్గిపోతోంది. కొండమీది మొక్క దొరక్కపోతే ఈ నెలతో నా పని ఆపేస్తారు. ఆ చోటు చెప్పండి.”

నేను సీసాల వైపు తిరిగాను. ఒకసారి ఒక వ్యాపారికి ఒక చోటు చూపించాను. ఒక్క వేరు మిగల్చకుండా పెకలించుకుపోయాడు. ఇక మిగిలిన చోటు నాకొక్కడికే తెలుసు.

“సరే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చోండి” అని పనిలో పడింది. సీసాలోని వేళ్ళు పళ్ళెంలో పరిచింది. తూకం వేయకముందే ఒక లేత కొన కోసి కొత్త సీసాలో వేసింది.

“అదెందుకు?”

“మళ్ళీ పెరగాలిగా మామయ్యా. అంతా మనమే తీసుకుంటే ఎలా?”

తవ్విన ప్రతి గోతిలోనూ నేనొక ముక్క తిరిగి పాతి వచ్చేవాణ్ణి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మాస్కు కిందికి లాగాను. “రేపు పొద్దున్నే గట్టి చెప్పులు వేసుకుని రా. దారంతా ముళ్ళు.”

“నోరు తెరవరనుకోవడం నాదే పొరపాటు, ముందు మాస్కు పెట్టుకోండి!” అంటూ మళ్ళీ తగిలించింది.