వెనక వరుసలో గొంతు

శామీర్‌పేట చెరువు చేపల తెగులుకు మందు కనిపెట్టింది అఫ్రీన్. గైడు కదా అని ముందుగా ప్రొఫెసర్ మురహరికే చెప్పుకుంది. ఆ పెద్దమనిషి దాన్ని సిగ్గులేకుండా తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు. ఆమె రీసెర్చే మానేసి వెళ్లిపోయింది.

రేపు ఆయనకు సన్మానం. రాత్రి ఖాళీ హాల్లో, కొట్టేసిన తెలివిని మైకు ముందు వల్లె వేసుకోవడానికి నిలబడ్డాడు.

"ఈ ఆలోచన నాకు చెరువు గట్టున తట్టింది" అనబోయాడు. నోరు తెరిచేలోపే ఆ మాట వెనక వరుసలోంచి వినిపించింది. అఫ్రీన్ గొంతు.

కుర్చీలన్నీ ఖాళీ. రెండో మాటా అంతే, ఆయనకంటే ముందే వచ్చేసింది.

"గాలయ్యా! లోపల ఎవరు?"

వాచ్‌మన్ తొంగిచూశాడు. "మీరొక్కలే సారూ. గప్పటిసంది ఒక్క ముక్క మాట్లాడకుంట నిలవడ్డరేంది?"

మురహరి భయంతో అరవబోయాడు.

ఆ అరుపు కూడా వెనక వరుసలోంచే ముందు వచ్చింది.